రాక్‌పోర్టులో గేదెలు లేవు

పోలవరం అనగానే మన సినిమా అభిమానులకు ముందుగా గుర్తొచ్చేది లాంచీ! "మూగమనసులు" (1964) పడవ, "అందాల రాముడు" (1973) లాంచీ ప్రయాణం, శేఖర్ కమ్ముల "గోదావరి" (2006) - ఈ ఏటి మీద తీసిన ప్రతి సినిమా మనల్ని నిదానంగా తీసుకెళ్లిందే తప్ప పరుగెత్తించలేదు. అటువంటి ఊరికి నేను ఈసారి వెళ్లింది కారు పందెం చూడ్డానికి. నవ్వకండి. పందెం ఏటిగట్టు మీద కాదు, మా అక్కయ్య ఇంట్లో, మంచం మీద పెట్టిన పాత లాప్‌టాప్‌లో.

అక్కయ్య ఫోను చేసి, "ఒరేయ్ తమ్ముడూ, వీడు అన్నం పిలిచినా రాడు. పొద్దస్తమానం ఆ కార్లు తోలుకుంటూ కూర్చుంటున్నాడు. ఇప్పుడేమో నిజం బండే కొనిమ్మని వాళ్ల నాన్న ప్రాణం తీస్తున్నాడు. వాడికింకా పద్దెనిమిది నిండలేదు. సినిమాల గురించి రాస్తావు కదా, నీ మాటంటే వాడికి గురి. ఒకసారి వచ్చి చెప్పి వెళ్లు" అంది.

రాజమండ్రిలో బస్సెక్కి, 1974లో కట్టిన రోడ్డు కమ్ రైలు వంతెన దాటి, కొవ్వూరు, తాళ్లపూడి మీదుగా పోలవరం చేరేసరికి మధ్యాహ్నమైంది. మేనల్లుడు తలుపు తీసి, "రా మావయ్యా" అని ఒక్క మాటని మళ్లీ మంచమెక్కేశాడు. తెర మీద చూద్దును కదా, వెండి రంగు మీద నీలి చారల బిఎండబ్ల్యూ! నా గుండె ఝల్లుమంది. వాడు ఆడుతున్నది "నీడ్ ఫర్ స్పీడ్: మోస్ట్ వాంటెడ్". 2005 నవంబరులో వచ్చిన ఆట. వాడు పుట్టకముందుది! వాడి వయసులో ఉండగా నేనూ, మా అత్త కొడుకు - అంటే మా బావా - కొవ్వూరులో ఒక కంప్యూటర్ సెంటరులో గంటకింత చొప్పున జేబు ఖాళీ చేసుకుని ఆడింది ఇదే.

"ఇదెక్కడ దొరికిందిరా నీకు?" అన్నాను.

"ఈ లాప్‌టాప్‌లో కొత్తవి ఆడవు మావయ్యా. అయినా అందరూ ఇదే బెస్టంటారు" అన్నాడు తల తిప్పకుండా.

వచ్చిన పని నీతిబోధ. కాని నేను చేసిన పని, వాడి పక్కన చేరి "కొంచెం జరుగు" అనడం. రెండు రోజులు ఆడాం. ఈ ఆటలో ఏముంది, ఏం లేదు అన్నది మీ ముందు పెడుతున్నాను.

కథ మనకు కొత్త కాదు

ఊరు రాక్‌పోర్టు. అమెరికాలో ఉన్నట్టు కనిపించే కల్పిత నగరం. హీరో పేరు చెప్పరు, ముఖం చూపించరు, మాట కూడా మాట్లాడించరు. (ఈ ఒక్క షరతుకు మన హీరోలెవరూ కాల్షీట్లివ్వరు లెండి!) అతగాడు తన బిఎండబ్ల్యూ ఎం3 జిటిఆర్‌తో ఊళ్లోకి వస్తాడు. రేజర్ అనే విలన్ మోసం చేసి, కారు పాడయ్యేలా చేసి పందెం గెలుస్తాడు. హీరో కారు పోగొట్టుకుని పోలీసుల చేతికి చిక్కుతాడు. బయటికొచ్చి చూస్తే, అదే కారులో తిరుగుతూ రేజర్ ఊళ్లో నంబర్ వన్ అయి కూర్చున్నాడు. "బ్లాక్‌లిస్ట్" అని పదిహేను మంది పందెగాళ్ల జాబితా. పదిహేనో వాడితో మొదలుపెట్టి ఒక్కొక్కణ్ణే ఓడించుకుంటూ పైకెక్కి, తన కారు తాను రాబట్టుకోవాలి.

చూశారా! ఊళ్లోకొచ్చిన హీరో, అవమానం, పోయిన ఆస్తి, మెట్టుమెట్టుకీ ఒక ఫైటు, ఆఖరి రీలులో అసలు విలన్. బెజవాడ గాంధీనగరంలో ఏ పంపిణీదారుకు చెప్పినా, "కథ బాగుంది, పాటలెన్ని?" అని అడుగుతాడు. ఆ కారు కథలో వస్తువు కాదు, కథానాయిక. తయారుచేసిన ఇఎ బ్లాక్ బాక్స్ వాళ్లకి ఈ కిటుకు తెలుసు. అంతకుముందు ఏడాది వచ్చిన "అండర్‌గ్రౌండ్ 2"లో కూడా ఊరంతా స్వేచ్ఛగా తిరగొచ్చు. కానీ అక్కడ ఎందుకు గెలవాలో మనసుకెక్కదు. ఇక్కడ మొదటి అరగంటలోనే పగ పుట్టించేశారు.

కథ నడిపే దృశ్యాలు బొమ్మలు కావు. నిజం నటులను చిత్రీకరించి, వెనక కంప్యూటర్‌లో తయారుచేసిన నేపథ్యం అతికించారు. మియాగా జోసీ మారన్, రేజర్‌గా డెరెక్ హామిల్టన్, పోలీసు సార్జెంటు క్రాస్‌గా డీన్ మెకెంజీ నటించారు. నటన కొంత అతిగానే ఉంటుంది. క్రాస్ పళ్లు కొరుకుతుంటే మన పాత సినిమాల జమీందారు విలన్ జ్ఞాపకం వస్తాడు. అయితే ఈ ఆటకు ఆ అతి సరిపోయింది. తెరంతా పసుపు, గోధుమ కలిసిన ఎండ రంగు. ఎప్పుడూ ఆకురాలే కాలం, ఎప్పుడూ పగలే. 2001లో "ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్" వచ్చిన దగ్గర్నుంచి కారు పందెమంటే రాత్రి, నియాన్ దీపాలు అని స్థిరపడిపోయిన రోజుల్లో ఇలా పట్టపగలు పందెం పెట్టడం తెగువే.

అసలు మజా వెంటబడటంలోనే

ఈ ఆట ఇన్నేళ్లు బతకడానికి కారణం పందేలు కావు, పోలీసులు.

వేగంగా పోతుంటే ఒక పోలీసు బండి చూస్తుంది. వైర్‌లెస్‌లో కబురందుతుంది. మీ కారు రంగేమిటో, ఏ కంపెనీదో, ఎటు పోతోందో వాళ్లలో వాళ్లు చెప్పుకోవడం మీకు వినిపిస్తుంటుంది. ఇదే ఇందులో గొప్ప పనితనం. తరిమేవాడి మాట వినబడితే భయం రెట్టింపవుతుంది. ఒక బండి నాలుగవుతుంది, నాలుగు పదవుతాయి. "హీట్" అంచె పెరిగేకొద్దీ రోడ్డుకడ్డంగా బండ్లు పెడతారు, టైర్లు చీల్చే ముళ్లపట్టీలు పరుస్తారు, భారీ వాహనాలతో ఎదురొచ్చి గుద్దుతారు, పైన హెలికాప్టరు తిరుగుతుంది. వెనక పాల్ లిన్‌ఫర్డ్ సంగీతం. పందేల్లో పాటలుంటాయి, పోలీసులు వెంటబడగానే వాద్యగోష్ఠి అందుకుంటుంది. మంచి సినిమాలో నేపథ్య సంగీతం చేసే పనే అది.

తప్పించుకోవడానికి ఊరే మీకు ఆయుధం. పెట్రోలు బంకును రాసుకుంటూ పోతే అది కూలి వెనకవాళ్ల మీద పడుతుంది. ఒక మిఠాయి కొట్టు మీద పెద్ద డోనట్ బొమ్మ ఉంటుంది. మన గారె ఆకారమే అనుకోండి. దాన్ని పడగొడితే అది దొర్లి పోలీసు బండ్లను తుక్కు చేస్తుంది. మొదటిసారి ఆ గారె దొర్లినప్పుడు కంప్యూటర్ సెంటరులో మా బావ కుర్చీలోంచి లేచి ఈల వేశాడు. సెంటరు నడిపేవాడు మా ఇద్దర్నీ బయటికి పొమ్మన్నాడు.

అంతా అయ్యాక అసలు గుండెదడ. పోలీసుల కంటబడకుండా ఒక మూల దాక్కోవాలి. ఇంజను ఆగినంత నిశ్శబ్దం. పక్క వీధిలోంచి ఒక బండి మెల్లగా పోతుంది. మన మేనల్లుడు ఊపిరి బిగపట్టాడు, నేనూ బిగపట్టాను. గుమ్మంలో టీ పట్టుకుని నిలబడ్డ అక్కయ్య, "ఏమైందిరా ఇద్దరికీ?" అంది.

"ష్! పోలీసులు" అన్నాను నేను.

అక్కయ్య చూపు నా మీద ఎలా పడిందో రాయను.

ఇంకో తమాషా ఉంది. క్షణకాలం కాలాన్ని మెల్లగా నడిపి, మలుపు తిప్పుకునే వీలు ఇచ్చారు. దాని పేరు "స్పీడ్‌బ్రేకర్". వాళ్ల స్పీడ్‌బ్రేకర్ ఆపద నుంచి గట్టెక్కిస్తుంది. మన స్పీడ్‌బ్రేకర్ వెన్నుపూస కదిలిస్తుంది. పేరొక్కటే, గుణాలు వేరు!

ఇక లోపాలు

మొదటిది, అందరూ తిట్టేది. మీరెంత బాగా తోలినా వెనకబడ్డవాడు ఆఖరి మలుపు దగ్గర మీ పక్కకు ఎలా వస్తాడో తెలీదు. మీరు పొరపాటు చేసి వెనకబడితే ముందున్నవాడు మీ కోసం ఆగినట్టు నెమ్మదిస్తాడు. కార్ల మధ్య రబ్బరు బ్యాండు కట్టినట్టుంటుంది. పోటీ చప్పబడకుండా చేసిన ఏర్పాటే ఇది. అయితే నాలుగు నిమిషాలు తప్పు లేకుండా తోలి, ఒక్క గోడకు తగిలినందుకు ఓడిపోతే ఏడుపొస్తుంది. తొమ్మిదో నంబరు వాడు ఎర్ల్. వాడి లాన్సర్ దగ్గర మా బావ 2006లో ఆగిపోయాడు. ఇరవై సార్లో, ముప్ఫై సార్లో, లెక్క లేదు.

రెండోది, ప్రతి ప్రత్యర్థికీ ముందు ఇన్ని పందేలు గెలవాలి, పోలీసులతో ఇన్ని ఘనకార్యాలు చేయాలి, తల మీద ఇంత వెల పలకాలి. మొదట్లో హుషారే. ఏడో వాడు, ఆరో వాడు వచ్చేసరికి అదే పని మళ్లీ మళ్లీ. వంద రోజులాడించాలని నిడివి పెంచిన సినిమా తంతు.

మూడోది నాకు పెద్ద లోపం. రోజ్‌వుడ్, క్యామ్‌డెన్ బీచ్, డౌన్‌టౌన్ అని ఊరిని మూడు భాగాలు చేసి ఒక్కొక్కటే తెరిచారు. బాగుంది. కానీ పందెం ఎక్కడున్నా పటం మీద నొక్కితే అక్కడ వాలిపోవచ్చు. తిరగక్కర్లేదు. అంత ఊరు కట్టి, అందులో తిరగడానికి కారణం పోలీసులు తప్ప ఇంకోటి పెట్టలేదు. ఈ లోపం సరిదిద్దాలనే కాబోలు, 2012లో ఇదే పేరుతో క్రైటీరియన్ వాళ్లు మరో ఆట తీశారు. ఫెయిర్‌హేవెన్ నగరంలో కార్లన్నీ వీధుల్లో నిలిపి ఉంటాయి, వెతుక్కుని ఎక్కడమే. తిరగడానికి కారణం దొరికింది, కథ పోయింది! పాత ఆట అభిమానులు ఇప్పటికీ దాన్ని తమ ఆటగా ఒప్పుకోరు. మా మేనల్లుడైతే ఆ పేరు కూడా ఎత్తనివ్వలేదు.

ఇంకో ఆట మాట కూడా చెప్పాలి. 2014లో ఉబిసాఫ్ట్ వాళ్ల "ది క్రూ" అమెరికా దేశాన్నంతా కుదించి తెర మీద పెట్టింది. ఈ కోస నుంచి ఆ కోసకు తోలుకుంటూ పోవచ్చు. తీరా 2024 మార్చి 31న దాని సర్వర్లు మూసేశారు. డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్లకు కూడా ఇప్పుడు ఆట లేదు. దానికంటే తొమ్మిదేళ్లు ముందు పుట్టిన రాక్‌పోర్టు పోలవరంలో పాత లాప్‌టాప్ మీద ఇంకా పరుగెడుతోంది.

మనుషుల్లేని ఊరు

రెండో రోజు రాత్రి మేనల్లుడు నిద్రపోయాక ఒక్కణ్ణే తోలుతూ కూర్చున్నాను. పందెం లేదు, పోలీసులు లేరు. ఊరికే వీధుల్లో తిరిగాను. ఏదో వెలితి. ఇళ్లున్నాయి, కొట్లున్నాయి, ఎదురుగా కార్లొస్తున్నాయి. కాలిబాట మీద ఒక్క మనిషి లేడు. కుక్క లేదు. కొట్టు ముందు బెంచీ ఉంటే దాని మీద కూర్చున్నవాడు లేడు. పదహారేళ్ల వయసులో అన్ని గంటలాడి ఈ సంగతి ఒక్కసారీ గమనించలేదంటే నమ్ముతారా?

ఇటువంటి ఊరు నేను కళ్లారా చూశాను. పోలవరం ప్రాజెక్టు ముంపులో ఖాళీ చేసిన ఏటి పైఊళ్లలో ఒక దానికి పని మీద వెళ్లాను. వీధి వీధిలాగే ఉంది, అరుగులు అరుగుల్లాగే ఉన్నాయి. తలుపులు, కిటికీలు ఊడదీసుకుని మనుషులు పునరావాస కాలనీలకు వెళ్లిపోయారు. ఆ వీధిలో ఎంత వేగంగా తోలినా అడిగేవాడు లేడు. కాని ఆ రోజు మా డ్రైవరు మెల్లగా తోలాడు. ఎందుకని నేను అడగలేదు.

పందేల ఆటల్లో మనుషుల్ని పెట్టకపోవడానికి కారణాలున్నాయి. అసలు కంపెనీల కార్లు, అసలు పేర్లు వాడుకున్నప్పుడు ఆ కారు ఒక మనిషిని గుద్దినట్టు చూపిస్తే ఏ కంపెనీకీ రుచించదు. 2008లో వచ్చిన "మిడ్‌నైట్ క్లబ్: లాస్ ఏంజిల్స్"లో దారిన పోయేవాళ్లున్నారు గాని, మీరు మీదికి పోనిస్తే ఠక్కున పక్కకు దూకేస్తారు. రాక్‌పోర్టులో ఆ బాధ కూడా లేదు. కారుకు గీతలు పడతాయి, అద్దం పగులుతుంది, అంతే. వేగం తగ్గదు. ఎవరికీ ఏమీ కాదు.

మాకు అయింది.

2006 వేసవి. బావ వాళ్ల నాన్నగారి కొత్త మోటారు సైకిలు. బావ ముందు, నేను వెనక. తాళ్లపూడి దాటాక ఏటిగట్టు. పొద్దుగూకుతోంది. అంతకు గంట ముందే ఎర్ల్ చేతిలో మళ్లీ ఓడిపోయి వచ్చాం. ఆ కసి బండి మీద తీర్చుకుంటున్నాం. ఏట్లో పడుకున్న గేదెలు గట్టెక్కి ఇళ్లకు మళ్లే వేళ అది. మలుపు తిరగ్గానే మంద. బావ పక్కకు వంచాడు, ఆటలో వంచినట్టే. సందులోంచి పోయేవాళ్లమే. ఒక దూడ వెనక్కి తిరిగింది.

బావ తొడ ఎముక విరిగింది. నా గడ్డం కింద ఏడు కుట్లు. దూడ ముందు కాలు విరిగింది. గేదెల వెంట వస్తున్న పెద్దాయన, అరవయ్యేళ్లుంటాయి, దూడ వైపు చూడకుండా ముందు మా దగ్గరికొచ్చాడు. తలగుడ్డ విప్పి నా గడ్డానికి కట్టాడు. "భయపడకండి బాబూ" అంటూ అటుగా పోతున్న ఆటో ఆపి, బావను ఎత్తి పడుకోబెట్టాడు. ఆటో కదిలాక వెనక్కి చూస్తే అప్పుడు దూడ పక్కన కూర్చుంటున్నాడు. ఆయన పేరు మేం అడగలేదు. తర్వాత వెతకనూ లేదు. దూడ సంగతి ఎవరూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

ఇదంతా మర్నాడు పొద్దున మేనల్లుడికి చెప్పాను. నా గడ్డం కింద మచ్చ వాడు చిన్నప్పట్నుంచి చూస్తున్నదే. షేవింగులో తెగిందని చెప్పేవాణ్ణి. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు:

"బాబాయ్ కుంటేది అందుకేనా?"

"అందుకే."

"మరి ఇన్నేళ్లూ నాకు చెప్పలేదేంటి మావయ్యా?"

దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. అక్కయ్యకు కూడా సగమే తెలుసు. గేదె అడ్డొచ్చిందని అందరికీ చెప్పాం, మేం ఎంత వేగంగా పోతున్నామో ఎవరికీ చెప్పలేదు. తప్పు గేదె మీద పెట్టి ఇన్నేళ్లు నడిపించేశాం.

సాయంత్రం బావను పిలిపించాను. మోపెడ్ మీద వచ్చాడు. "ఏరా బావా, ఇన్నాళ్లకు గుర్తొచ్చామా?" అంటూ మెట్లెక్కుతుంటే ఎడమ కాలు ఒక క్షణం వెనకబడింది. మేనల్లుడు ఆ కాలు వైపే చూస్తున్నాడు. బండి సంగతి బావే ఎత్తాడు. "నాన్నని అడగడం తర్వాత. ముందు నా మోపెడ్ తీసుకుని నన్ను వెనకెక్కించుకో. గేదెలు మళ్లే వేళకి గట్టు మీద పోదాం" అన్నాడు. అక్కయ్య ఒప్పుకోలేదు. "ఇంకా లైసెన్సు లేదు, ఏమీ లేదు" అని గట్టిగా చెప్పేసింది. దాంతో బావే తోలాడు, వాడు వెనక కూర్చున్నాడు. గంట తర్వాత తిరిగొచ్చారు. మహా అయితే నాలుగు కిలోమీటర్లు.

"ఇంతసేపేంటిరా?" అన్నాను.

"గేదెలు మావయ్యా. ఎటు తిరుగుతాయో వాటికే తెలీదు. బాబాయ్ ప్రతి మందకీ బండి ఆపేసి కూర్చుంటాడు" అన్నాడు విసుగ్గా.

బండి విషయం ఇంకా తేలలేదు. లైసెన్సు వచ్చాక చూద్దామని వాళ్ల నాన్న అన్నాడట, వీడు సరేననలేదు, కాదనలేదు.

రాత్రి భోజనాలయ్యాక లాప్‌టాప్ తెరిచాం. మేనల్లుడు తన ఆట పక్కనపెట్టి, నేను మొదటి రోజు మొదలుపెట్టిన ఆటను బావ ముందుకు తోశాడు. నేనూ వాడూ కలిసి తొమ్మిదో నంబరు దాకా తెచ్చిన ఆట అది. తెర మీద ఎర్ల్, వాడి లాన్సర్. బావ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "వీడింకా ఉన్నాడా!" అన్నాడు. చేతులు మీటల మీద వాటంతటవే కుదురుకున్నాయి. రెండు చుట్లు ముందున్నాడు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు మేనల్లుడు. ఆఖరి మలుపులో ఒక లారీ అడ్డొచ్చింది. బావ తప్పించబోయి, ఎందుకో గాని బ్రేకు నొక్కేశాడు. ఎర్ల్ పక్కనుంచి దూసుకుపోయాడు.

"అయ్యో బాబాయ్! ఆపకూడదు, అది ఆటే కదా!" అన్నాడు వాడు.

"అలవాటైపోయిందిరా" అంటూ బావ మళ్లీ మొదట్నుంచీ పెట్టాడు.